పదో తరగతి దాటిన పిల్లల దారి: ఇది రైతు సంఘం పని కూడా

(సంఘం జిల్లా శిక్షణ తరగతుల్లో, ప్రభుత్వ జూనియర్ కళాశాలలో పనిచేసి రిటైరైన అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం. - సంపాదకవర్గం)



మద్దతు ధర గురించి, కౌలు గురించి, కరెంటు గురించి మాట్లాడుకునే చోట పిల్లల ఉద్యోగాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఇది బడి పంతుళ్ల పని, మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. అందుకే ముందు ఒక లెక్క చెబుతాను. 2018-19లో కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ దేశమంతటా వ్యవసాయ కుటుంబాల సర్వే చేసింది. ఒక్కో కుటుంబానికి సగటున నెలకు వచ్చే ఆదాయం రూ. 10,218 అని తేలింది. అందులో పంట మీద వచ్చేది రూ. 3,798. కూలి, జీతాల మీద వచ్చేది రూ. 4,063. అంటే రైతు ఇంట్లో కూడా పంట కంటే బయటి పని మీద వచ్చే డబ్బే ఎక్కువ. ఆ బయటి పనికి పోయేది ఎవరు? చాలా ఇళ్లలో పదో తరగతి, ఇంటర్, డిగ్రీ దాటిన పిల్లలే. వాళ్లకు దొరికే పని మంచిదైతే ఇంటి అప్పు తగ్గుతుంది. చెడ్డదైతే వాళ్ల చదువుకు చేసిన అప్పు కూడా పొలం మీదే పడుతుంది. కాబట్టి ఇది ముమ్మాటికీ వ్యవసాయ సమస్యే.

నేను చేసిన తప్పు

ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. చివరి పదేళ్లు మా కాలేజీలో పిల్లలకు కెరీర్ గైడెన్స్ చెప్పే బాధ్యత కూడా నాదే. గోడకు ఒక పెద్ద చార్టు ఉండేది. ఎంపీసీ చదివితే ఏం చేయొచ్చు, బైపీసీ అయితే ఏం చేయొచ్చు, ఏ కోర్సు ఎన్నేళ్లు అని బాణాలు గీసి పెట్టాను. అది చూపించి గంటసేపు మాట్లాడితే నా పని అయిపోయిందనుకునేవాణ్ణి.

ఒకసారి ఒక అమ్మాయి వచ్చింది. పత్తి పోయి, అప్పులు పెరిగి, తండ్రి పురుగుల మందు తాగి చనిపోయిన ఇల్లు. తల్లి, ఈ పిల్ల, ఒక తమ్ముడు, ఒక బర్రె. పదిలో మంచి మార్కులు. "ఏం చదువుతావమ్మా?" అని అడిగితే "ఏదన్నా సరే సార్" అంది. నేను చార్టు చూపించి నర్సింగ్ గురించి ఉత్సాహంగా చెప్పాను. హాస్టల్ ఎక్కడుంటుందో కూడా చెప్పాను. తలూపింది. మళ్లీ కాలేజీకి రాలేదు. నెల రోజుల తర్వాత వాళ్ల ఊరికి పోయి అడిగితే ఆమె అన్నమాట ఇదీ: "నేను హాస్టల్‌కు పోతే అమ్మ ఒక్కతి ఇంట్లో ఎట్లుంటది సార్? రాత్రయితే అమ్మకు నిద్ర పట్టదు."

నేను కోర్సుల గురించి అడిగాను గాని ఇంట్లో ఎవరెవరున్నారు, రాత్రి ఎలా గడుస్తున్నది, బర్రెను ఎవరు చూస్తారు అని అడగలేదు. "ఏదన్నా సరే" అన్నది ఆసక్తి లేక అన్న మాట కాదు. తనకు ఎంచుకునే వీలు లేదని చెప్పుకున్న మాట. అది నాకు అర్థం కాలేదు. ఆ తర్వాతే ఈ విషయం మీద పరిశోధనలు ఏం చెబుతున్నాయో చదవడం మొదలుపెట్టాను. వాటిలో మన రైతు కుటుంబాలకు పనికొచ్చే నాలుగు సంగతులు చెబుతాను.

ఎంపిక ఉన్నవాళ్ల కోసం పుట్టిన శాస్త్రం

వృత్తి మార్గదర్శనం అనే పని అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయనతో మొదలైందని చెబుతారు. 1908లో ఆయన అక్కడ ఒక కేంద్రం పెట్టారు. పల్లెల నుంచి, పరదేశాల నుంచి నగరానికి చేరిన యువకులకు పని చూపించాలని ఆయన తపన. ఆయన పద్ధతి మూడు మెట్లు: నిన్ను నువ్వు తెలుసుకో, పనుల గురించి తెలుసుకో, రెండింటినీ జోడించుకో. నూరేళ్లు దాటినా మన బడుల్లో చెప్పే గైడెన్స్ ఆ మూడు మెట్ల మీదే నిలబడి ఉంది. నా చార్టు కూడా అంతే.

దీని మీద డేవిడ్ బ్లస్టీన్ అనే అమెరికా ఆచార్యుడు 2006లో రాసిన పుస్తకంలో ఒక సూటి ప్రశ్న వేశాడు. ఈ సిద్ధాంతాలన్నీ ఏ పని కావాలో ఎంచుకోగలిగిన కొద్దిమంది గురించే మాట్లాడుతున్నాయి, బతకడానికి దొరికిన పని చేసే కోట్లమంది సంగతేమిటి అన్నది ఆ ప్రశ్న సారాంశం. 2016లో ఆయన, సహచరులు కలిసి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. యువతకు గౌరవంగా బతికే పని దొరకడం వాళ్ల తెలివి మీద మాత్రమే ఆధారపడదు. డబ్బు ఇబ్బంది, సమాజంలో పడే వివక్ష, ఈ రెండూ ముందే దారులు మూసేస్తాయి. ఆ మూసుకున్న దారిలో సందు చేసే వాటిలో వాళ్లు చెప్పినవి రెండు మనకు ముఖ్యం. ఒకటి, తోడుగా నిలబడే మనుషులు. రెండోది చైతన్యం, అంటే తన కష్టానికి కారణం తలరాత కాదని, తన తెలివితక్కువతనం కాదని, వ్యవస్థలో ఉన్న అన్యాయమని గుర్తించడం. అమెరికా నగరాల్లోని పేద విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, ఇలాంటి చైతన్యం ఉన్న పిల్లలకు తాము ఏం చేయాలన్న దాని మీద స్పష్టత కూడా ఎక్కువగా కనిపించింది.

ఈ మాట చదివినప్పుడు నాకు మన సంఘం గుర్తొచ్చింది. తోడు నిలబడటం, చైతన్యం కలిగించడం, ఈ రెండూ మనం ఎప్పటినుంచో చేస్తున్న పనులే కదా. ఇన్నాళ్లూ రైతుల దగ్గర చేశాం, రైతుల పిల్లల దగ్గర చేయలేదు.

మన దేశంలో బెంగళూరు నుంచి గిడియన్ అరుళ్‌మణి చాలా ఏళ్లుగా ఈ రంగంలో పనిచేశారు. ఆయన, సహచరులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, పేద కుటుంబాల హైస్కూలు పిల్లల్లో చదువు, ఉద్యోగాల గురించి ప్రతికూలమైన నమ్మకాలు ఎక్కువగా కనిపించాయి. "పై చదువు మనలాంటోళ్లకు కాదు", "తొందరగా నాలుగు రూపాయలు తెస్తే చాలు" వంటివి మనమూ రోజూ వింటాం. ఇవి పిల్లలు పుట్టుకతో తెచ్చుకున్న నమ్మకాలు కావు, ఇంటి పరిస్థితి నేర్పినవి.

నిర్ణయం తప్పుడు నెలలో వస్తుంది

రెండో సంగతి మన రైతుల మీదే జరిగిన పరిశోధన. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కోతకు ముందు ఒకసారి, కోత తర్వాత ఒకసారి ఆలోచనా శక్తికి సంబంధించిన చిన్న పరీక్షలు చేయించి చూశారు. 2013లో సైన్స్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. అదే రైతు చేతిలో డబ్బు లేని రోజుల్లో తక్కువగా, డబ్బు చేతికొచ్చాక బాగా చేశాడు. మనిషి మారలేదు, తెలివి మారలేదు. అప్పు ఎలా తీర్చాలన్న ఆలోచన బుర్రలో చోటంతా ఆక్రమిస్తే, మిగతా వాటికి జాగా ఉండదని ఆ పరిశోధకుల వివరణ.

ఇప్పుడు మన క్యాలెండర్ చూడండి. పది, ఇంటర్ ఫలితాలు ఎండాకాలంలో వస్తాయి. పాలిటెక్నిక్, ఐటీఐ, డిగ్రీ, ఇంజనీరింగ్ సీట్లకు ఆప్షన్లు పెట్టడం, ఫీజు కట్టడం అంతా జూన్ నుంచి ఆగస్టు దాకా నడుస్తుంది. అదే సమయంలో వానాకాలం సాగు. గింజలు కొనాలి, దున్నకం కూలి ఇవ్వాలి, కౌలు ముందే కట్టాలి, డీఏపీ బస్తాకు లైన్లో నిలబడాలి. యాసంగి పైసలు అప్పులకు పోయి ఉంటాయి. ఏడాది మొత్తంలో రైతు చేతిలో పైసా లేని, తలలో తీరిక లేని నెలల్లోనే బిడ్డ జీవితం గురించి నిర్ణయం తీసుకోవాలి. అదీ ఇంటర్నెట్ సెంటర్‌లో నిలబడి, గడువుకు రెండు గంటల ముందు.

నా విద్యార్థి ఒకడు, కౌలు రైతు కొడుకు, ఇలాగే ఇంజనీరింగ్‌లో చేరాడు. ఏ కాలేజీ, ఏ బ్రాంచి అన్నది ఆ ఇంటర్నెట్ సెంటర్ కుర్రవాడే నింపాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను కట్టాల్సిన సొమ్ము పత్తి గింజలిచ్చే దుకాణదారు దగ్గరే తెచ్చారు. చదువైపోయింది గాని సర్టిఫికెట్లు చేతికి రాలేదు. ప్రభుత్వం నుంచి బకాయి రాలేదని కాలేజీ అట్టిపెట్టుకుంది. ఆ తర్వాత హైదరాబాద్‌లో కోచింగ్, గది అద్దె, ఇంకో అప్పు. ఇప్పుడు ఊరికి వచ్చాడు. పెళ్లిళ్లకు రాడు. "ఏం చేస్తున్నవ్?" అని అడుగుతారని భయం. పొలానికీ పోడు. చూసినవాళ్లు "ఇంజనీరింగ్ చదివి నాగలి పట్టిండు" అంటారని తండ్రే పోనియ్యడు.

ఇలాంటి యువకులు మన దగ్గరే లేరు. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ ప్రాంతంలో చదువుకున్న నిరుద్యోగ యువకుల మధ్య తిరిగి, క్రెయిగ్ జెఫ్రీ అనే పరిశోధకుడు 2010లో ఒక పుస్తకం తెచ్చాడు. పేరు టైంపాస్. ఆ కుర్రవాళ్లు తమ గురించి తాము వాడుకునే మాటే ఆ పేరు. అక్కడి వాళ్లలో చాలామంది కాస్త భూమి, పలుకుబడి ఉన్న రైతుల పిల్లలు. వాళ్లే డిగ్రీ మీద డిగ్రీ చదువుతూ ఏళ్లు గడిపితే, భూమి లేని కౌలు రైతు కొడుక్కి ఆ ఎదురుచూపు ఎంత ఖరీదో ఆలోచించండి.

సమాచారం చాలదు

మూడో సంగతి. పిల్లలకు సమాచారం లేదు, చెబితే చాలు అని అధికారులు అంటుంటారు. రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త ఇది నిజమా అని రెండు చోట్ల పరీక్షించాడు. డొమినికన్ రిపబ్లిక్ అనే చిన్న దేశంలో ఎనిమిదో తరగతి అబ్బాయిలకు, హైస్కూలు పూర్తిచేసిన వాళ్లకు నిజంగా ఎంత సంపాదన వస్తుందో చెప్పారు. అంతకుముందు వాళ్లు దాన్ని చాలా తక్కువగా ఊహించుకుంటున్నారు. ఆ మాట విన్నాక కాస్త కలిగిన ఇళ్ల పిల్లలు ఎక్కువ కాలం బడిలో ఉన్నారు. బాగా పేద ఇళ్ల పిల్లల్లో మాత్రం పెద్దగా మార్పు రాలేదు. వాళ్లకు కోరిక కలిగినా ఖర్చు పెట్టుకునే స్తోమత లేదు.

రెండోది మన దేశంలోనే, ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల పల్లెల్లో. కొన్ని గ్రామాలను చీటీ తీసినట్టు ఎంచుకుని, కాల్ సెంటర్ వంటి ఉద్యోగాలకు ఆడపిల్లలను తీసుకునేవాళ్లను మూడేళ్లపాటు అక్కడికి పంపారు. ఉద్యోగం ఏమిటో చెప్పారు, ఇంటర్వ్యూకు ఎలా పోవాలో నేర్పారు, అడిగినవాళ్లకు సాయం చేశారు. ఆ గ్రామాల్లో యువతుల పెళ్లిళ్లు ఆలస్యమయ్యాయి. పనిలోకి, చదువులోకి వెళ్లినవాళ్లు పెరిగారు. ఇక్కడ ఇచ్చింది ఉత్త మాటలు కాదు. తలుపు తెరిచి, చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. రెండింటికీ తేడా అదే.

మన జిల్లాల పిల్లల కథ

నాలుగోది మన గురించే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో యంగ్ లైవ్స్ అనే అధ్యయనం మొదలైంది. 1994-95లో పుట్టిన వెయ్యి మందిని, 2001-02లో పుట్టిన రెండు వేల మందిని ఎంచుకుని, ఏళ్ల తరబడి వాళ్ల జీవితాలను గమనిస్తూ వచ్చారు. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, హైదరాబాద్‌తో పాటు మన మహబూబ్‌నగర్ కూడా అందులో ఉంది. పెద్ద పిల్లల బృందంలో 19 ఏళ్లకే 37 శాతం అమ్మాయిలకు పెళ్లయిపోయింది. 28 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే అయింది. వాళ్లకు ఏ చార్టు చూపించినా ఏం లాభం?

ఆ పరిశోధకులు మన దగ్గర సీడు పత్తిలో పనిచేసే పిల్లల గురించి విడిగా రాశారు. క్రాసింగ్ రోజుల్లో బడి మాని చేన్లకు పోవడం మీ అందరికీ తెలిసిందే. ఇది తల్లిదండ్రులకు చదువు విలువ తెలియక కాదు. సీడు కంపెనీ ఇచ్చే ధరలో పెద్దవాళ్ల కూలి గిట్టదు కాబట్టి పిల్లల చేతులు కావాల్సి వస్తున్నాయి. రైతుకు దక్కని ధర చివరికి బిడ్డ హాజరు పట్టీలో గైర్హాజరుగా తేలుతుంది. అందుకే అంటున్నాను, గిట్టుబాటు ధర కోసం చేసే పోరాటమూ పిల్లల భవిష్యత్తు కోసం చేసే పోరాటమూ ఒకటే.

వ్యవసాయాన్ని శిక్షగా చెప్పకండి

మన వైపు నుంచి జరుగుతున్న ఒక పొరపాటు కూడా చెప్పాలి. కోపం తెచ్చుకోవద్దు. "చదువుకోకపోతే బర్లు కాసుకోని బతుకుతవ్" అని మనమే అంటాం. ఇరవై ఏళ్లు ఈ మాట విన్న పిల్లవాడికి ఊరికి తిరిగి రావడమంటే ఓడిపోవడమే. 2003లో చేసిన జాతీయ సర్వేలో, వేరే అవకాశం ఉంటే వ్యవసాయం మానేస్తామని దాదాపు 40 శాతం రైతులు చెప్పారు. ఆ బాధ నాకు తెలుసు, నేనూ రైతు కొడుకునే. కానీ మార్చాల్సింది వ్యవసాయం గిట్టుబాటు కాని స్థితిని. వ్యవసాయం చేసే మనిషిని చిన్నచూపు చూడటం వల్ల అది మారదు. పొలం చేస్తానన్న పిల్లవాడికి చేయడానికి దారి ఉండాలి. వేరే పనికి పోతానన్నవాడికి పోయే దారి ఉండాలి. గత్యంతరం లేక ఉండిపోవడం, గత్యంతరం లేక వెళ్లిపోవడం రెండూ స్వేచ్ఛ కావు. పాలమూరు కూలీలు మేస్త్రీ వెంట దేశమంతా తిరిగి డ్యాములు కట్టారు. వాళ్లను ఏ పని ఇష్టమని ఎవరడిగారు?

మనం ఏం చేయగలం?

చివరిగా, సంఘం గ్రామ కమిటీలు చేయగలిగిన పనులు చెబుతాను. వీటికి పెద్ద చదువులు అక్కర్లేదు.

మొదటిది, ప్రతి ఊళ్లో పది, ఇంటర్ పాసైన, ఫెయిలైన, మానేసిన పిల్లల జాబితా రాయండి. ఏప్రిల్‌లోనే రాయండి. పాసైనవాళ్ల కంటే ఫెయిలైనవాళ్ల పేర్లు ముందు రాయండి. వాళ్ల ఇంటికి ఎవరూ పోరు. ఇంటికి వెళ్లినప్పుడు ముందు అడగాల్సింది "ఏం చదువుతవ్?" అని కాదు, "ఇంట్లో ఎట్ల నడుస్తున్నది?" అని.

రెండోది, తలలో కాస్త తీరిక ఉన్న రోజుల్లో ఈ మాటలు మొదలుపెట్టండి. పత్తి, వడ్లు అమ్మి చేతికి డబ్బొచ్చే డిసెంబరు, జనవరి నెలల్లోనే తల్లిదండ్రులతో కూర్చోండి. జూన్‌లో కొత్తగా ఆలోచించాల్సిన పని లేకుండా చేయండి.

మూడోది, ఉన్న హక్కులు వాడుకుందాం. రూ. 4 లక్షల వరకు విద్యారుణానికి బ్యాంకులు తాకట్టు అడగకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ఉన్నత విద్యాసంస్థలకు స్పష్టంగా చెప్పింది. ఏ కాలేజీ అయినా ఆపితే పిల్లవాణ్ణి ఒక్కణ్ణే పంపకండి, పదిమంది రైతులు కలిసి పోండి. అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది, ఐటీఐ పిల్లలకు దాని గురించి చెప్పండి. స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు బ్యాంకుల ఆధ్వర్యంలో జిల్లాల్లో ఉన్నాయి, శిక్షణ, వసతి ఉచితం.

నాలుగోది, పల్లె యువతకు శిక్షణ ఇచ్చి పని చూపించే పథకం దీన్‌దయాళ్ కౌశల్య యోజన 2014 నుంచి ఉంది. శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలన్నది దాని నియమం. కానీ నగరంలో జీతమంతా గది అద్దెకు, తిండికి పోయి నెలకో రెండు నెలలకో ఇంటికి తిరిగొచ్చిన పిల్లలను నేను చూశాను. అలా వచ్చినవాళ్లను "నిలబడలేకపోయిండు" అనకండి. ఎందుకొచ్చారో అడిగి రాసుకోండి. జీతం ఎంతన్నారు, ఎంతిచ్చారు, ఉండటానికి చోటు చూపారా? పది ఊళ్ల నుంచి ఇలా రాసిన కాగితాలుంటే కలెక్టర్ దగ్గర మన మాటకు బలం ఉంటుంది.

ఐదోది, కౌలు రైతు బిడ్డ సంగతి. వ్యవసాయ డిగ్రీలో రైతు కోటా కింద సీటు కావాలంటే భూమి ఉన్నట్టు కాగితం చూపాలి. దుక్కి దున్నేవాడి బిడ్డకు ఆ కాగితం లేదు, ఎక్కడో ఉండే పట్టాదారు బిడ్డకు ఉంది. కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం 2011లోనే వచ్చింది. ఆ కార్డులు అందరికీ ఇవ్వాలని, వాటిని కోటాకు కూడా రుజువుగా ఒప్పుకోవాలని మన డిమాండ్ల పత్రంలో చేర్చాలని కోరుతున్నాను. అలాగే ఫీజు బకాయిలు జూన్‌లోపే విడుదల చేయాలని, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబాలకు పరిహారంతోనే సరిపెట్టకుండా పిల్లలు పనిలో కుదురుకునే దాకా ఒక అధికారిని బాధ్యుణ్ణి చేయాలని కూడా చేర్చండి. జీవో 194 కింద వచ్చే రూ. 6 లక్షలు అప్పులవాళ్లకు పోతే, ఆ పిల్లలకు మిగిలేదేమిటి?

నేను మొదట చెప్పిన అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు వాళ్ల ఇంటి నుంచి వచ్చాక చార్టు పక్కన పెట్టి, ఆ ఊరి మహిళా సంఘం వాళ్లతో మాట్లాడాను. వాళ్లలో ఒకామె, ఆమె భర్త కూడా అలాగే పోయాడు, తల్లికి తోడుగా రాత్రిళ్లు వచ్చి పడుకుంటానంది. ఏడాది ఆలస్యమైనా ఆ పిల్ల బస్సులో రోజూ పోయివచ్చే కాలేజీలో ఇంటర్‌లో చేరింది. నర్సింగ్ కాలేదు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, ఇప్పుడు మండల కేంద్రంలో పనిచేస్తున్నది. జీతం పెద్దది కాదు. కానీ నెలనెలా వస్తుంది, రాత్రికి ఇంటికి చేరుతుంది, తమ్ముడి ఫీజు తనే కడుతున్నది.

ఆమెకు దారి చూపించింది నేను కాదు. రాత్రిపూట ఆ తల్లికి తోడు పడుకున్న మనిషి. అలాంటి మనుషులు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఈ ఎండాకాలం మీ ఊళ్లో ఒక్కొక్కరు ఒక్క పిల్ల బాధ్యత తీసుకోండి. అంతే అడుగుతున్నాను.